మాటలే సంఘటన అయినచోట: వాదాలు, రాయబారాలపై ప్రాజెక్టు చేసేవారికి

(పరిశోధన ప్రాజెక్టులు చేపట్టిన విద్యార్థుల కోసం ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

యుద్ధం మీద ప్రాజెక్టు చేసేవారికి ఒక వెసులుబాటు ఉంది. ఎవరెలా రాసుకున్నా, కోట పడిందా లేదా, సైన్యం నది దాటిందా లేదా అన్నది మాటలకు బయట ఉంటుంది. చట్టసభలో జరిగిన వాదాన్నో, రెండు ప్రభుత్వాల మధ్య నడిచిన రాయబారాన్నో ఎంచుకున్నవారికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ జరిగిందే మాట. దాన్ని ఎవరు రాసుకున్నారు, ఏ భాషలో రాసుకున్నారు, అన్నాక ఎన్నాళ్ళకు రాసుకున్నారు, ఎవరు చదవాలని రాసుకున్నారు? ఇవి తేల్చకుండా "ఫలానా నాయకుడు ఇలా అన్నాడు" అని రాసేస్తే అది చెప్పుడు మాటే. కాబట్టి మీ పని ఒక ప్రశ్నతో మొదలవ్వాలి: నా చేతిలో ఉన్నది ఏ ప్రతి?

ఒక చిన్న కాగితాన్ని దగ్గరగా చూద్దాం. 1870 జూలై 13. జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యా రాజు విల్హెల్మ్ ఖనిజజలాల ఊటలున్న ఏమ్స్ పట్టణంలో విశ్రాంతి తీసుకుంటున్నాడు. అంతకుముందు ఖాళీగా ఉన్న స్పెయిన్ సింహాసనానికి ఆయన వంశంవాడైన లియోపోల్డ్ పేరు వచ్చింది, ఫ్రాన్స్ మండిపడింది, 12వ తేదీన ఆ పేరు వెనక్కి తీసుకున్నారు. ఫ్రాన్స్ అంతటితో ఊరుకోలేదు. రాయబారి బెనెడెట్టి నడకకు వచ్చిన రాజును దారిలోనే కలిసి, ఇక ఎన్నటికీ ఆ వంశంవాడి పేరుకు సమ్మతించనని మాటివ్వమన్నాడు. ఎన్నటికీ అంటే కుదరదని రాజు కాస్త గట్టిగానే చెప్పాడు. ఆ తరువాత లియోపోల్డ్ తండ్రి దగ్గరి నుంచి రాజుకు ఉత్తరం వచ్చింది. ఉపసంహరణ వార్త నిజమేనని ఖాయమైంది, ఇక చెప్పవలసింది ఏమీ లేదు, అని తన వద్ద ఉండే సైనికాధికారి ద్వారా రాయబారికి కబురు చేశాడు. ఆబెకెన్ అనే అధికారి ఇదంతా తంతిలో (టెలిగ్రాంలో) పెట్టి బెర్లిన్‌లో ఉన్న ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్క్‌కు పంపాడు. పత్రికలకు ఇవ్వడమా మానడమా అన్నది రాజు బిస్మార్క్‌కే వదిలాడు.

బిస్మార్క్ అందులో కొత్త సంఘటన ఏదీ కల్పించలేదు. దాదాపు సగానికి కుదించాడు. పోయిన ముక్కల్లో ఒకటి, తండ్రి ఉత్తరం అందిందన్న సంగతి. ఆ ముక్క ఉంటే "ఇక చెప్పవలసింది ఏమీ లేదు" అన్న వాక్యానికి "విషయం తేలిపోయింది కదా" అని అర్థం. అది పోయాక అదే వాక్యానికి "నీతో నాకు మాటలేంటి, పో" అనే అర్థం వచ్చింది. పత్రికల్లో అచ్చయిన ప్రతి ఇదే. ఇక ఫ్రెంచిలోకి వెళ్ళినప్పుడు మూడో పొర వచ్చి చేరింది. రాజు కబురు తీసుకెళ్ళిన అధికారి హోదా జర్మన్‌లో 'అడ్యుటాంట్', అంటే రాజు వద్ద ఉండే పెద్ద అధికారి. ఫ్రెంచిలో అదే మాట కింది స్థాయి సైనికోద్యోగిని సూచిస్తుంది. మన రాయబారి దగ్గరికి ఒక చిన్న ఉద్యోగిని పంపి అవమానించారన్నట్టుగా పారిస్ చదువుకుంది. జూలై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

దీన్ని ప్రాజెక్టులో ఎలా చూపించాలి? పెద్ద కాగితం అడ్డంగా పెట్టి నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో మూల ప్రతి, వాక్యానికి ఒక వరుస. రెండో గడిలో అచ్చయిన ప్రతి, దానికి ఎదురుగా. మూడో గడిలో మూడే గుర్తులు వాడండి: తీసేసింది, చేర్చింది, చోటు మారింది. నాలుగో గడి అసలైనది. ఈ మార్పు వల్ల పక్కనున్న ఏ వాక్యం అర్థం మారిందో అక్కడ రాయాలి. చాలామంది మూడో గడితో ఆగిపోతారు. అప్పుడు తేలేది "మార్చాడు" అన్నంతవరకే, ఏం మారిందో తేలదు. ఇది చేత్తో చేసే పని, ఒక సాయంత్రం పడుతుంది. కంప్యూటర్లో రెండు పాఠాలూ పోల్చే సాఫ్ట్‌వేర్ పోయిన పదాలను చూపిస్తుంది కానీ నాలుగో గడిని నింపలేదు.

ఇక్కడే రెండు తప్పులు దొర్లుతుంటాయి. ఒకటి, "బిస్మార్క్ దొంగ తంతి సృష్టించాడు" అని రాయడం. అది దొంగది కాదు, కత్తిరించింది. కత్తెరకూ కల్పనకూ తేడా చెప్పలేకపోతే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. రెండోది, "ఆ తంతి వల్ల యుద్ధం వచ్చింది" అనేయడం. పేరు ఉపసంహరించుకున్నాక కూడా శాశ్వత హామీ అడగమని పారిస్ ఎందుకు చెప్పింది? ఐదూళ్ళిచ్చినా చాలునన్న రాయబారం మనకు తెలిసిందే. అడిగింది ఇస్తారని అడిగారా, ఇవ్వలేదని లోకానికి చూపించడానికి అడిగారా? ఏ రాయబారంలోనైనా ప్రతి కోరిక పక్కనా ఈ ప్రశ్న వేసుకోండి. జవాబు ఆ ప్రభుత్వం తన రాయబారికి పంపిన సూచనల్లో దొరుకుతుంది, రాయబారి బయట మాట్లాడిన మాటల్లో దొరకదు.

విషయం ఎంపిక గురించి క్లుప్తంగా చెప్పి ముందుకెళతాను. "వెర్సాయ్ సంధి", "క్యూబా సంక్షోభం" అన్నవి ప్రాజెక్టు విషయాలు కావు, అవి అధ్యాయాల పేర్లు. మీ ప్రశ్నలో ఇద్దరు పాత్రధారులు, ఒక తేదీ నుంచి ఒక తేదీ వరకు కాలం, తేలవలసిన ఒక నిర్ణయం ఉండాలి. "1919 నవంబరుకూ 1920 మార్చికీ మధ్య అమెరికా సెనేట్‌లో ఎవరు ఓటు మార్చుకున్నారు, ఎందుకు?" ఇది ప్రశ్న. ప్రభావం, ప్రాముఖ్యం, పాత్ర, ఈ మూడు మాటలతో శీర్షిక పెట్టారంటే ప్రశ్న ఇంకా దొరకలేదనే అర్థం.

ప్రశ్న దొరికాక తేదీల పట్టిక వేయండి. ఏం జరిగింది, ఎవరు ఎవరితో అన్నారు, ఏ దారిలో చేరింది, ఎప్పుడు చేరింది, లోకానికి ఎప్పుడు తెలిసింది. ఈ అయిదింటిలో చివరిది ఎవరూ వేయరు, కొంప ముంచేది అదే. జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ మెక్సికోతో పొత్తు కోరుతూ తంతి పంపింది 1917 జనవరి 16న. అమెరికా పత్రికల్లో అది వచ్చింది మార్చి 1న. మధ్యలోని ఆరు వారాల్లో అమెరికా ప్రజలు అన్నదేదీ ఆ తంతి వల్ల అన్నది కాలేదు. పట్టికలో ఆ గడి లేకపోతే ఫలితాన్ని కారణానికి ముందు పెట్టేస్తారు.

తేదీల్లో ఇంకో తిరకాసుంది. రష్యా 1918 దాకా పాత పంచాంగమే వాడింది. పాత తేదీ కొత్త తేదీకంటే 18వ శతాబ్దంలో 11 రోజులు, 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనక ఉంటుంది. రష్యాకూ తుర్కులకూ మధ్య 1774లో జరిగిన కుచుక్ కైనార్జా సంధికి ఒక పుస్తకంలో జూలై 10 అనీ, ఇంకోదాంట్లో జూలై 21 అనీ కనిపిస్తే రెండూ సరైనవే. ఏ లెక్కో ఒక్కచోట చెప్పి, చివరిదాకా ఆ లెక్కే పాటించండి. సంతకం తేదీ, అమలులోకి వచ్చిన తేదీ కూడా వేరు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీతో చేసుకున్న వెర్సాయ్ సంధి మీద సంతకాలు 1919 జూన్ 28న అయ్యాయి. అది అమలులోకి వచ్చింది 1920 జనవరి 10న.

ఇప్పుడు వాదాల సంగతి. మన తర్కశాస్త్రం వాదం, జల్పం, వితండం అని మూడుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి మాట్లాడేది వాదం. గెలవడానికి మాట్లాడేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే వితండం. చట్టసభల్లోనూ ఎన్నికల వేదికల మీదా నడిచేది చాలావరకు జల్పం. విద్యార్థులు దాన్ని వాదంగా చదువుతారు. "ఇంత మంచి తర్కం చెప్పినా ఎదుటివారు ఎందుకు ఒప్పుకోలేదు?" అని ఆశ్చర్యపోతారు. ఒప్పించవలసింది ఎదుటివాడిని కాదు కదా, వింటున్న మూడోవాడిని. ఆ మూడోవాడెవరో తేల్చకుండా ఉపన్యాసాన్ని విశ్లేషించలేం.

1858లో అమెరికా సెనేట్ స్థానం కోసం ఇల్లినాయిస్ రాష్ట్రంలో రిపబ్లికన్ లింకన్, డెమొక్రాట్ డగ్లస్ ఏడు ఊళ్ళలో తలపడ్డారు. ఒక్కో సభ మూడు గంటలు. మొదటి వక్తకు 60 నిమిషాలు, రెండోవారికి 90, మళ్ళీ మొదటివారికి 30. ఎవరు ముందు అన్నది సభ సభకూ మారేది. అప్పట్లో సెనేటర్లను ప్రజలు నేరుగా ఎన్నుకోరు, రాష్ట్ర చట్టసభ ఎన్నుకుంటుంది. అంటే అక్కడ చప్పట్లు కొట్టినవారి చేతిలో ఈ ఇద్దరికీ నేరుగా వేసే ఓటే లేదు. వారు చట్టసభ సభ్యులకు ఓటేస్తారు, ఆ సభ్యులు 1859 జనవరిలో 54కు 46తో డగ్లస్‌ను ఎన్నుకున్నారు. ఏ ఊరు ఎటు మొగ్గే ప్రాంతంలో ఉందో, అక్కడ వక్త గొంతు ఎలా మారిందో చూడటం ఇందుకే అవసరం. బానిసత్వాన్ని వ్యతిరేకించే ఉత్తర భాగంలోని ఫ్రీపోర్టులో పలికిన మాట, దక్షిణాదికి దగ్గరైన జోన్స్‌బరోలో పలికిన మాట పక్కపక్కన పెట్టండి.

ఆ ఉపన్యాసాలు మనకు ఎలా చేరాయో కూడా చూడాలి. రిపబ్లికన్ల వైపున్న షికాగో ప్రెస్ అండ్ ట్రిబ్యూన్ తరఫున రాబర్ట్ హిట్ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాడు. డెమొక్రాట్ల వైపున్న షికాగో టైమ్స్ తన మనుషులతో రాయించుకుంది. ఎదుటి పత్రిక తనవాడి వాక్యాలను నున్నగా, మావాడివి తడబడుతున్నట్టుగా అచ్చువేస్తోందని రెండు పక్షాలూ దుమ్మెత్తిపోసుకున్నాయి. 1860లో పుస్తకంగా వచ్చినప్పుడు లింకన్ మాటలు ట్రిబ్యూన్ నుంచి, డగ్లస్ మాటలు టైమ్స్ నుంచి తీసుకున్నారు. అంటే ఎవరి మాటలు వారి మిత్రపత్రిక చక్కదిద్దినవే. మీరు ఎక్కువగా చూసే పాఠం అదే. తప్పేం లేదు, వాడుకోండి. కానీ కీలకమైన రెండు మూడు పేరాలకైనా ఎదుటి పత్రిక ప్రతి కూడా చూడండి. తడబాటు అచ్చయిన చోటే అసలు సభ వినిపిస్తుంది.

చట్టసభ చర్చల్లో ఉపన్యాసాల కంటే సవరణలు ఎక్కువ చెబుతాయి. భారత రాజ్యాంగ ముసాయిదాకు 7,635 సవరణలు ప్రతిపాదనకు వచ్చాయి, అందులో సభ ముందుకు వచ్చి చర్చకు నిలిచినవి 2,473. మిగతావి ఏమయ్యాయి? విలీనమయ్యాయి, సభకు రాకుండానే వదిలేశారు. సభ ముందుకు వచ్చినవాటిలో కొన్నింటిని కూడా సభ అనుమతితో వెనక్కి తీసుకున్నారు. "ఉపసంహరించడమైనది" అని ఒక్క వాక్యం నమోదై ఉంటుంది. దానికి ముందు పేజీ తిప్పి, ఎవరు ఏ హామీ ఇచ్చాక ఉపసంహరించారో పట్టుకుంటే, గంటసేపు సాగిన ఉపన్యాసంలో దొరకనిది దొరుకుతుంది.

ఓట్ల లెక్క ఇంకా మాయదారిది. 1919 నవంబరు 19న సెనేట్‌లో, నానాజాతి సమితి ఏర్పాటు కూడా ఇమిడి ఉన్న వెర్సాయ్ సంధిని రిపబ్లికన్ నాయకుడు లాడ్జ్ పెట్టిన షరతులతో ఓటుకు పెడితే అనుకూలం 39, వ్యతిరేకం 55. విద్యార్థి రాసేది, "55 మంది నానాజాతి సమితిని వ్యతిరేకించారు." పప్పులో కాలేశారు. ఆ 55లో 42 మంది, సమితిని కోరిన అధ్యక్షుడు విల్సన్ పార్టీవారే, అంటే డెమొక్రాట్లే. షరతులతో వస్తే తిరస్కరించమని ఆయనే చెప్పాడు. మిగతా 13 మంది సమితి పేరెత్తితేనే పడని రిపబ్లికన్లు. సమితిని గాఢంగా కోరినవారూ, అసలే వద్దన్నవారూ ఒకే డబ్బాలో ఓటేశారు. అదే రోజు షరతులు లేకుండా పెడితే 38కి 53తో అదీ పోయింది. 1920 మార్చి 19న మళ్ళీ షరతులతో పెడితే 49కి 35. ఎక్కువమంది ఔనన్నా మూడింట రెండు వంతులు కావాలి కనుక 7 ఓట్లు తక్కువై వీగిపోయింది. ఈసారి 21 మంది డెమొక్రాట్లు విల్సన్ మాట వినలేదు, 23 మంది విన్నారు. ఆ 23లో ఏడుగురు అటు తిరిగి ఉంటే కథ వేరు. మీ ప్రాజెక్టు విల్సన్, లాడ్జ్‌ల పగ దగ్గర ఆగిపోతే ఆ 23 మంది కనబడరు. పేరు పేరునా సెనేట్ రికార్డులో ఉన్నారు. పట్టికలో నాలుగు గుంపులుగా విడదీయండి: షరతులు లేకుండా కావాలన్నవారు, కొద్ది షరతులతో సరే అన్నవారు, గట్టి షరతులు కావాలన్నవారు, ఎలాగైనా వద్దన్నవారు. అనుకూలం, వ్యతిరేకం అని రెండు గడులే గీస్తే ఆ గీతే అబద్ధం చెబుతుంది.

సంధుల్లో భాష. 1889 మే 2న ఇథియోపియా పాలకుడు మెనెలిక్, ఇటలీ తరఫున ఆంటొనెల్లి వుచాలే ఒడంబడిక చేసుకున్నారు. 17వ అధికరణ అమ్హారిక్ పాఠం ప్రకారం, ఇతర దేశాలతో వ్యవహారాలకు మెనెలిక్ ఇటలీ ప్రభుత్వాన్ని వినియోగించుకోవచ్చు. ఇటాలియన్ పాఠంలో ఆయన వినియోగించుకోవడానికి సమ్మతిస్తున్నాడు. ఒకటి వీలు, ఇంకోటి కట్టుబాటు. ఆ క్రియాపదం ఆసరాతో ఇథియోపియా తన సంరక్షణలో ఉందని ఇటలీ మిగతా దేశాలకు తెలియజేసింది. రెండు పాఠాలూ ఒకటి కావని మెనెలిక్ 1890లో ఇటలీ రాజు ఉంబెర్తోకు రాశాడు, 1893లో ఒడంబడికను రద్దు చేసుకున్నాడు. 1896 మార్చి 1న అడ్వాలో ఇటలీ ఓడింది, ఆ ఏడాదే కొత్త సంధితో వుచాలే ఒడంబడిక చెల్లకుండా పోయింది. రెండు భాషల్లో ఉన్న ఏ సంధికైనా ముందు చివరి అధికరణ తెరవండి. ఏ భాషా పాఠం ప్రామాణికమో సాధారణంగా అక్కడ ఉంటుంది. ఆ తరువాత క్రియాపదాల కింద గీతలు గీయండి. నామవాచకాల మీద తగువులు తక్కువ, చేయాలి, చేయవచ్చు, సమ్మతిస్తున్నాడు, గుర్తించాడు, వీటి దగ్గరే మెలికంతా.

ఇక జ్ఞాపకాలు, ఆత్మకథలు. చదవడానికి బాగుంటాయి, అందుకే ప్రమాదం. 1962 అక్టోబరు క్యూబా సంక్షోభంలో 26న సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ రాసిన ఉత్తరం వాషింగ్టన్‌కు పూర్తిగా అందడానికి దాదాపు 12 గంటలు పట్టింది. క్యూబాపై దాడి చేయనని అమెరికా మాటిస్తే చాలు, అక్కడి సోవియట్ క్షిపణులు తీసేస్తామన్నది దాని సారం. 27న మాస్కో రేడియోలో రెండో సందేశం వచ్చింది, తుర్కియేలోని అమెరికా క్షిపణులు కూడా తీయాలంటూ. అమెరికా అధ్యక్షుడు కెనెడీ బహిరంగంగా మొదటిదానికే జవాబిచ్చాడు. ఆ రాత్రే తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దొబ్రినిన్‌ను కలిసి, తుర్కియే క్షిపణులు కొన్ని నెలల్లో పోతాయి, కానీ ఇది బయటికి రాకూడదన్నాడు. 1963 ఏప్రిల్‌లో అవి పోయాయి. రాబర్ట్ కెనెడీ మరణం తరువాత 1969లో వచ్చిన ఆయన పుస్తకంలో ఇది ఇచ్చిపుచ్చుకున్న బేరంలా కనిపించదు. ఆ భాగాన్ని దిద్దింది తానేనని అధ్యక్షుడు కెనెడీ సలహాదారు సోరెన్‌సెన్ 1989లో మాస్కో సమావేశంలో ఒప్పుకున్నాడు. దొబ్రినిన్ ఆ రాత్రి పంపిన నివేదిక 1990లలో బయటికొచ్చింది. ఇరవై ఏళ్ళపాటు ఎందరో "గట్టిగా నిలబడితే ఎదుటివాడు తగ్గాడు" అని రాశారు, వాళ్ళ చేతిలో ఉన్న కాగితాలతో అది సబబే. కాబట్టి మీరు వాడే ప్రతి పుస్తకం పక్కనా అచ్చయిన సంవత్సరం రాసుకోండి. ప్రభుత్వ పత్రాలు తెరవడానికి గడువుంటుంది. బ్రిటన్‌లో ఒకప్పుడు 50 ఏళ్ళు, తరువాత 30, ఇప్పుడు 20. గడువుకు ముందు పుస్తకం, తరువాత పుస్తకం రెండు వేర్వేరు సాక్ష్యాలు.

ప్రభుత్వమే అచ్చువేసిందంటే నమ్మవచ్చనుకోకండి. 1914లో యుద్ధం మొదలవగానే తెల్ల పుస్తకం, నీలి పుస్తకం, పసుపు పుస్తకం అంటూ తలా ఒక పత్రాల సంపుటి తెచ్చాయి దేశాలు, తప్పు తమది కాదని చూపించుకోవడానికి. వాటిలో కొన్నింట్లో పత్రాలు కత్తిరించి, మార్చి వేశారని తరువాత తేలింది. ఏ సంపుటి అయినా ఎవరు, ఏ సంవత్సరం, ఏ తగువు మధ్యలో వేశారో చూడాల్సిందే.

చీటీలు వచ్చాయి, చదువుతాను. "ఎన్ని ఆధారాలు ఉండాలి?" నన్నడిగితే రెండు పక్షాల నుంచీ మూడేసి మూల పత్రాలు, వాటిలో కనీసం ఒక పత్రానికి రెండు వేర్వేరు ప్రతులు. వాటి మీద నాలుగైదు మంచి పుస్తకాలు చాలు. ఇరవై పేర్లు జాబితా కట్టి ఒక్కటీ తెరవని ప్రాజెక్టు రెండో పేజీలోనే తెలిసిపోతుంది.

"మూల భాష రాకపోతే?" అనువాదం వాడండి. కానీ మీ వాదన నిలబడే ఆ ఒక్క వాక్యానికి రెండు వేర్వేరు అనువాదాలు చూడండి. రెండూ ఒకేలా ఉంటే ముందుకు వెళ్ళండి. తేడా ఉంటే ఆ భాష తెలిసినవారిని ఆ వాక్యం వరకే అడగండి. వుచాలే పత్రం మొత్తం అమ్హారిక్‌లో చదవక్కర్లేదు, 17వ అధికరణలోని క్రియ తెలిస్తే చాలు.

"ఎవరు గెలిచారో తేల్చాలా?" తేల్చవచ్చు, కానీ ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మీకు నచ్చని పక్షం వాదనను ఒక పేజీలో రాసి, ఆ పక్షాన్ని సమర్థించే మిత్రుడికి ఇవ్వండి. "నేను చెప్పేది ఇదే" అని అతడు ఒప్పుకోవాలి. పూర్వపక్షం అంటే అదే కదా. ఒప్పుకోకపోతే మీరు ఓడించింది మీరు తయారుచేసిన బొమ్మను.

చివరి చీటీ. "ఒక పక్షం పత్రాలు అసలు దొరకకపోతే?" తరచూ వచ్చే ఇబ్బందే ఇది. ఎదుటివారు ఇచ్చిన జవాబులు తీసుకోండి, ఏ ప్రశ్నకు ఆ జవాబో వెనక్కి కట్టుకుంటూ రండి. అక్కడున్న మూడో దేశపు రాయబారి తన ప్రభుత్వానికి ఏం రాశాడో వెతకండి, అతడికి ఇద్దరి మీదా మొహమాటం తక్కువ. అలా కట్టుకున్నది ఊహ కనుక పట్టికలో వేరే రంగు సిరాతో రాయండి. ఆ రంగు ఎందుకో మొదటి పేజీలోనే చెప్పండి, పరీక్షకుడు అడిగేదాకా ఆగకండి.